ఇంజిన్ ట్యూనింగే నా కెరీర్ అంటున్నాడు, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. మా పాత కారుకి ఏవో పెద్ద ఇంజెక్టర్లు, వేరే సైలెన్సరు బిగించాడు. ఇప్పుడు రోజూ లాప్‌టాప్ పట్టుకుని ఆ కారులోనే కూర్చుంటాడు. "ఈసీయూ ట్యూనింగ్ నేర్చుకుంటా, పికప్పూ మైలేజీ రెండూ పెంచుతా, అదే నా కెరీర్" అంటున్నాడు. వాళ్ళ నాన్నేమో "ఇంత చదివించింది షెడ్డులో కూర్చోడానికా" అని కోప్పడుతున్నారు. అసలు ఇందులో ఉద్యోగాలున్నాయా? వాడి నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ ఫోటో తీసి పంపుతున్నాను. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఒకసారి చదివాను, ఆ ఫోటో మాత్రం నాలుగుసార్లు చూశాను. పేజీలో ఉన్నవి మూడే లైన్లు. "ఐడిల్‌లో ట్రిమ్ +17." "ఎత్తు ఎక్కుతుంటే ట్రిమ్ +3." వాటి కింద, పెన్ను గట్టిగా నొక్కి, "ఎందుకు?" మీకు అర్థం కాని ఆ ముక్కలోనే మీరడిగినదానికి సగం జవాబుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను, కాస్త ఓపిక పట్టండి.

ఇంజిన్‌లోకి ఎంత గాలి వస్తోందో కొలిచి, దానికి ఎంత పెట్రోలు చల్లాలి, స్పార్కు ఏ క్షణంలో పడాలి అన్నది తేల్చే చిన్న కంప్యూటరే ఈసీయూ. దాని లోపల ఎక్కాల పుస్తకంలాంటి పట్టికలుంటాయి. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా లోడు (ఇంజిన్ మీద పడే భారం), ప్రతి గడిలో ఒక అంకె. 16 వరుసలు, 16 నిలువులు ఉన్న పట్టికలో 256 అంకెలన్నమాట. కంపెనీ వాళ్ళు ఆ అంకెలు వేసింది పెట్రోలు చల్లడానికి తాము బిగించిన ఇంజెక్టర్లని, తాము బిగించిన సైలెన్సరుని చూసుకుని. మీవాడు ఇంజెక్టర్లు మార్చాడు. గరిటె పెద్దదైంది, "రెండు గరిటెలు వెయ్యి" అన్న లెక్క మాత్రం పాతదే. అందుకని కొత్త గరిటె కొలత ఈసీయూకి చెప్పి ఉంటాడు. అక్కడిదాకా అందరూ చేస్తారు.

ఇక పొగగొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సరు ఉంటుంది. పెట్రోలు తక్కువైందని అది చెబితే, ఈసీయూ తనంతట తానే ఇంకాస్త కలుపుతుంది. ఆ సవరింపు పేరే ట్రిమ్. అటూ ఇటూ ఐదు శాతం లోపుంటే ఎవరూ పట్టించుకోరు. పది దాటిందంటే ఎక్కడో తేడా ఉందని. మీ కారు ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు 17 శాతం తేడా చూపిస్తోంది, కష్టపడి ఎత్తెక్కుతున్నప్పుడు మూడే. మామూలు కుర్రాడైతే ఐడిల్ గడుల్లో 17 శాతం కలిపేసి, ట్రిమ్ సున్నాకొచ్చిందని సంబరపడేవాడు. మీవాడు అలా చెయ్యకుండా "ఎందుకు?" అని రాసుకున్నాడు.

ఎందుకో ఒక కారణం చెబుతాను. ఇంజెక్టరు కరెంటు అందగానే తెరుచుకోదు, సుమారు ఒక మిల్లీసెకను తటపటాయిస్తుంది. దాన్ని డెడ్ టైమ్ అంటారు. ఒక్కో రకం ఇంజెక్టరుకి అది ఒక్కోలా ఉంటుంది, బ్యాటరీ వోల్టేజీ తగ్గితే పెరుగుతుంది కూడా. పాత ఇంజెక్టరుది 0.8 మిల్లీసెకన్లు, కొత్తదానిది 1.0 అనుకోండి. ఈసీయూ ఇంకా 0.8 అనే నమ్ముతోంది కాబట్టి చల్లిన ప్రతిసారీ 0.2 మిల్లీసెకన్ల పెట్రోలు తక్కువ పడుతుంది. ఐడిల్‌లో చల్లాల్సిందే 1.2 మిల్లీసెకన్లు. అందులో 0.2 పోతే దాదాపు 17 శాతం. ఎత్తు మీద 6 మిల్లీసెకన్లు చల్లుతుంటే అదే 0.2 మూడు శాతం చిల్లర. మిల్లీసెకన్లు నేను ఊహించి వేసినవే, కానీ వాడి పేజీలో కనిపిస్తున్న తీరు అచ్చం ఇలాగే ఉంది.

వాళ్ళ నాన్నగారికి ఈ సంగతి చెప్పండి. ఈ "ఎందుకు?" అన్నదానికి జవాబు వెతకడమే పనిగా పెట్టుకున్న ఉద్యోగం ఒకటుంది. దాని పేరు కాలిబ్రేషన్ ఇంజనీర్. కార్లు, ట్రక్కులు, ట్రాక్టర్లు, జనరేటర్లు తయారుచేసేవాళ్ళకీ, వాళ్ళకి ఈసీయూలు సరఫరా చేసే బాష్ లాంటి సంస్థలకీ, వాళ్ళ తరఫున పరీక్షలు చేసిపెట్టే ఇంజనీరింగ్ సర్వీసు కంపెనీలకీ ఈ ఇంజనీర్లు కావాలి. ఒక కొత్త మోడల్ ఈసీయూలో సరిచూడాల్సిన అంకెలు వేలల్లో ఉంటాయి. ఐడిల్‌కి ఒకరు, చలిలో స్టార్టింగుకి ఒకరు, ఎమిషన్లకి (పొగలోని కాలుష్యానికి) ఒకరు అని పంచుకుని నెలల తరబడి చేస్తారు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్ళు నేను ఆ పనే చేశాను కాబట్టి అందులోని సరదా, విసుగు రెండూ తెలుసు. చలి పరీక్షలే తీసుకోండి. కారుని రాత్రంతా గడ్డకట్టే చలిలో వదిలేస్తారు. ఇంజిన్‌లోని నూనె, నీళ్ళు, బ్యాటరీ అన్నీ ఆ చలికి దిగాక పొద్దున్నే ఒక్కసారి తాళం తిప్పుతారు. ఇంజిన్ అందుకునేదాకా గడిచే ఆ రెండు సెకన్లే ఆ రోజు సంపాదన. స్టార్టయిందంటే ఇంజిన్ వేడెక్కిపోతుంది, మళ్ళీ పరీక్ష రేపు పొద్దున్నే. పెట్రోలు కాస్త ఎక్కువేస్తే ప్లగ్గులు తడుస్తాయి, తక్కువేస్తే అసలు అందుకోదు. అలా వారాల తరబడి కూర్చోగలిగేవాడికి ఈ లైను పడుతుంది. రోజూ ఎగ్జాస్టు మోత, టైర్ల పొగ ఉంటాయనుకుని వచ్చేవాడు ఆరు నెలల్లో పారిపోతాడు. రేసింగ్ టీముల్లో ఆ మోత ఉంటుంది కానీ అక్కడ సీట్లు చాలా తక్కువ. కలగా ఉంచుకోమనండి, ప్లానుగా వద్దు.

షెడ్డు అన్నమాటకి మాత్రం నాకు కాస్త అభ్యంతరం. నాకు తెలిసిన మంచి ట్యూనర్లలో కొందరు షెడ్డువాళ్ళే. ప్లగ్గు రంగు చూసి ఇంజిన్ కథంతా చెప్పేవాళ్ళని చూశాను. కాకపోతే సొంత షాపు అంటే కస్టమర్లు, ఉధారు, పేలిన ఇంజిన్‌కి బాధ్యత కూడా. ముందు ఐదారేళ్ళు జీతం మీద నేర్చుకుని ఆ తర్వాత పెట్టుకుంటే తప్పేం లేదు.

బాబూ, ఇక్కడి నుంచి నీకు రాస్తున్నాను, అమ్మగారు కూడా వినొచ్చు.

ముందు ఆ +17 సంగతి. పైన డెడ్ టైమ్ అని చెప్పాను కానీ, వెంటనే వెళ్ళి ఆ అంకె మార్చకు. ఎయిర్ ఫ్లో సెన్సరు దాటాక గొట్టంలో ఎక్కడైనా గాలి లీకైనా ఇదే ఆకారం వస్తుంది. సెన్సరు లెక్కపెట్టని గాలి లోపలికి దూరుతుంది, ఐడిల్‌లో అది పెద్ద వాటా, లోడు మీద చిన్న వాటా. అంకెలు చూసి ఈ రెండింటినీ విడదీయలేవు. పొగ పెట్టి గొట్టాలు చూడాల్సిందే. లీకు లేదని తేలాక, ఆ ఇంజెక్టరు తయారీదారు వోల్టేజీ వారీగా ఇచ్చిన డెడ్ టైమ్ పట్టిక సంపాదించి వెయ్యి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నేను ఒకసారి దెబ్బతిన్నాను. కొత్తలో ఒక ఇంజిన్ డైనో మీద, అంటే దాని బలం కొలిచే యంత్రం మీద ఉంది, సెన్సరు పెట్రోలు తక్కువ తక్కువ అంటోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడిగడికీ పెట్రోలు కలుపుతూ పోయాను. మధ్యాహ్నానికే పవరు తగ్గడం మొదలైంది, నేను పట్టించుకోలేదు. సాయంత్రం ప్లగ్గులు విప్పితే మసి, కాటుక డబ్బాలో ముంచినట్టు. సంగతేమిటంటే సెన్సరుకి ముందు ఎగ్జాస్టు గాస్కెట్ పగిలింది. బయటి గాలి ఆ సందులోంచి లోపలికి పోతుంటే సెన్సరు అదే ఆక్సిజన్‌ని చూసి "తక్కువ" అంటోంది. ఇంజిన్‌లో అప్పటికే పెట్రోలు ఎక్కువైంది. ఒక రోజు పనంతా చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి చేశాను. సెన్సరు అబద్ధం చెప్పలేదు, నేనడగాల్సిన ప్రశ్న అడగలేదు.

ఇక "పికప్పూ మైలేజీ రెండూ పెంచుతా" అన్న నీ మాట. అందులో నిజమెంతో నువ్వే లెక్కేసుకో. పెట్రోలుకి సరిపడా గాలి బరువులో 14.7 రెట్లు, దాన్నే లాంబ్డా 1 అంటారు. ఎక్కువ పవరు కావాలంటే సుమారు 0.85 నుంచి 0.9 దాకా వెళ్ళాలి, అంటే పెట్రోలు ఎక్కువ తాగించాలి. మంచి మైలేజీ 1 కంటే కాస్త పైన, గాలి ఎక్కువున్న చోట వస్తుంది. కానీ అక్కడ, పొగలోని విషవాయువుల్ని తగ్గించే త్రీ వే క్యాటలిటిక్ కన్వర్టరు నైట్రోజన్ ఆక్సైడ్లని శుభ్రం చెయ్యలేదు. అది సరిగ్గా పనిచేసేది లాంబ్డా 1 చుట్టూ ఉన్న సన్నటి సందులోనే. అందుకే మామూలు పెట్రోలు కార్లు నిలకడగా పోతున్నప్పుడు 1 మీదే కూర్చుంటాయి. అక్కడ పెట్రోలు కోసి మిగిల్చేది ఏమీ లేదు. మిగిలింది స్పార్కు టైమింగ్. తక్కువ లోడు గడుల్లో ఒకటి రెండు డిగ్రీలు సరిగ్గా పడితే అంతే పెట్రోలుకి కాస్త ఎక్కువ టార్క్, అంటే తిప్పే బలం, వస్తుంది. అత్యాశకి పోయి ఎక్కువ లోడులో కూడా ముందుకి జరిపితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) మొదలై పిస్టను మీద పడుతుంది.

టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని ఇంజిన్‌కి ఒట్టి సాఫ్ట్‌వేరు మార్చి వచ్చే లాభం కొద్దిగానే ఉంటుంది. టర్బో ఉంటే ఆ గాలి ఒత్తిడి (బూస్టు) పెంచుకునే వీలుంది కాబట్టి ఎక్కువ వస్తుంది, దాంతోపాటు క్లచ్చు, గేరుబాక్సు మీద భారం కూడా వస్తుంది. నీలాగా భాగాలు మార్చిన కారులో అయితే లెక్క వేరు. భాగాలు మార్చినప్పుడే మైలేజీ పోతుంది, ట్యూనింగ్ చేసి నువ్వు చాలావరకు రాబట్టేది ఆ పోయినదాన్నే. "20 శాతం మైలేజీ పెంచాను" అని ఎవరైనా అంటే, మార్పుకి ముందా, మార్పుకి తర్వాతా, దేంతో పోల్చారని అడుగు.

కొలవడం కూడా నేర్చుకోవాలి. ఒక ట్యాంకు ముందు, ఒక ట్యాంకు తర్వాత అని పోలిస్తే గాలివాటం, ట్రాఫిక్కు, టైర్లలో గాలి, నీ పాదం బరువు అన్నీ నీ ట్యూనింగ్ ఖాతాలో పడిపోతాయి. ఒకే రోడ్డు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, ఒకే వేగం, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఈసీయూలో పాత పట్టికల ఫైలుతో మూడుసార్లు, కొత్త ఫైలుతో మూడుసార్లు. ఆ మూడింటి మధ్య ఉన్న తేడా కంటే నీ లాభం పెద్దదైతేనే అది లాభం.

ఒక హెచ్చరిక. ఈ లైనులో సులువుగా డబ్బొచ్చే పనులున్నాయి. పొగలోని మసిని పట్టే డీజిల్ పార్టికల్ ఫిల్టరు తీసేసి ఈసీయూకి అది ఉన్నట్టే నమ్మించడం, క్యాటలిటిక్ కన్వర్టరు పీకేసి దాని వెనకుండే రెండో ఆక్సిజన్ సెన్సరుని కోడ్‌లో నోరు మూయించడం. రోడ్డు మీద తిరిగే బండికి ఇది చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ వ్యవహారం గురించి చదువు. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా నడుచుకునే సాఫ్ట్‌వేరు ప్రపంచమంతా కలిపి సుమారు కోటీ పది లక్షల కార్లలోకి వెళ్ళింది. జైలుకి వెళ్ళినవాళ్ళలో ఇంజనీర్లు కూడా ఉన్నారు. కాలిబ్రేషన్ టీముల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఆ కథ బాగా తెలుసు. "ఫిల్టర్ డిలీట్లు చేశాను" అని రెజ్యూమెలో గొప్పగా రాసుకున్నవాణ్ణి ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు.

చదువు సంగతి. థర్మోడైనమిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ పాసు కోసం కాకుండా పని కోసం చదువు. సీ ప్రోగ్రామింగ్ భాష, కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ బస్ తెలియాలి. లాగ్ ఫైళ్ళు విప్పి గ్రాఫులు గీసుకునేంత పైథానో మ్యాట్‌ల్యాబో రావాలి. స్టాటిస్టిక్స్‌ని ఎవరూ పట్టించుకోరు, నువ్వు పట్టించుకో. ఇంకాను, ఈసీయూ అంకెలు మార్చడానికి కంపెనీలు వాడే క్యాన్‌ఏప్ లాంటి సాఫ్ట్‌వేర్లు విద్యార్థి చేతికి సులువుగా రావు. దానికి టెన్షన్ పడకు, స్పీడుయినో, రస్ఈఎఫ్ఐ లాంటి ఓపెన్ సోర్సు ఈసీయూలున్నాయి, కోడ్ మొత్తం తెరిచి చదవొచ్చు. కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులే రేసు కారు తయారుచేసి పోటీపడేది) జట్టు ఉంటే చేరు, లేకపోతే పెట్టించు. అక్కడ ఇంజిన్ పగిలినా నాన్నగారి కారు కాదు.

"అంతా ఎలక్ట్రిక్ అయిపోతుందిగా" అని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. మోటారుకీ కంట్రోలరు ఉంటుంది, ఏ వేగంలో ఎంత టార్క్ కావాలంటే ఎంత కరెంటు అన్న పట్టికలుంటాయి, బ్యాటరీ ఎంత చలిలో ఎంత వేగంగా చార్జ్ కావాలన్న పట్టికలుంటాయి. హైబ్రిడ్‌లలో రెండూ ఉంటాయి. వాటిలో అంకెలు వేసేవాళ్ళనీ కాలిబ్రేషన్ ఇంజనీర్లనే అంటారు. నీ చదువులో ఎలక్ట్రికల్ సబ్జెక్టు ఒకటో రెండో ఎలక్టివ్‌గా దొరికితే వదలకు.

అమ్మా, డబ్బు విషయంలో నా మాటేమిటంటే, ఇప్పుడే ఖరీదైన రీమ్యాప్ (ఈసీయూ అంకెలు మార్చడం) కోర్సులకి కట్టకండి. ఒక వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరు కొనివ్వండి చాలు. కారులో వచ్చే మామూలు సెన్సరు ఎక్కువా తక్కువా అని మాత్రమే చెబుతుంది, ఇది ఎంతో చెబుతుంది.

ఆ +17 చివరికి గొట్టమా, డెడ్ టైమా అన్నది తేలాక ఆ పేజీ కూడా ఫోటో తీసి పంపించండి.