కొనా, కొసా?

సందేహం: క్రోమోజోముల చివరల్లో ఉండే టెలోమియర్లను కాపాడే ప్రోటీన్లలో మ్యుటేషన్ వస్తే ఏ జబ్బులొస్తాయో తెలుగులో రాస్తున్నాను. "ఉత్పరివర్తనాల చేత క్రోమోజోము కొనలు నాశనం చేయబడి వ్యాధి కలుగుతుంది" అని రాస్తే, మా అమ్మమ్మ "కొన కాదే, కొస" అంది. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: అమ్మా, నా ఓటు అమ్మమ్మగారికే. నిఘంటువు ముందేసుకుని కొన తప్పని నిరూపించమంటే మాత్రం నా వల్ల కాదు.

కొనకి వాడి ఉంటుంది. కొనగోరు, ముల్లుకొన, కత్తికొన. అన్నమయ్య "ఏమొకో చిగురుటధరమున" కీర్తన గుర్తుందా? అమ్మవారి కడకన్నులు ఎర్రబడ్డాయేమిటా అని చెలులు ఆలోచిస్తారు. "నలువున ప్రాణేశ్వరుపై నాటిన యా కొనచూపులు నిలువునఁ బెరుకఁగ నంటిన నెత్తురు కాదుకదా!" కంటి చివరకేమో కడ అన్నాడు, గుచ్చుకునే చూపుకేమో కొన అన్నాడు, అదీ ఒకే చరణంలో. అక్కడ కొన తీసి కొస పెట్టి చూడండి, చూపు గుచ్చుకోదు, నెత్తురూ రాదు. ఈమధ్య బెంగళూరు బస్సుల్లో మన పిల్లలు "కొన స్టాపు" అంటున్నారు. అది కన్నడ "కొనె" పుణ్యం, దిగాల్సిన చోటు కాళ్ళకి గుచ్చుకుంటుందేమో మరి! అయితే కొనప్రాణం, కొసప్రాణం రెండూ వాడుకలో ఉన్నాయి, అక్కడ నా వాదన కాస్త కుంటుతుంది.

తుద కాలానికి, అంచు బట్టకి. దారానికీ తాడుకీ ఉండేది కొస. క్రోమోజోములో ఉన్నదీ పోగే కదా. మీ మల్లేశ్వరంలోనే చీరలకి కుచ్చు వేసేవాళ్ళ దగ్గర అయిదు నిమిషాలు కూర్చోండి. కొంగు చివర వదిలిన పడుగు పోగుల్ని కొన్నికొన్నిగా పట్టి ముడేస్తారు, ముడి లేకపోతే పేక జారి కొంగు ఊడిపోతుంది. షెల్టరిన్ అనే ఆరు ప్రోటీన్ల జట్టు పనీ అదే, డీఎన్ఏ కొసను మడిచి లోపలికి దోపి ఉంచుతుంది. ఆ కాపలా పోతే కణం ఆ కొసను తెగిన డీఎన్ఏ అనుకుని మరో క్రోమోజోముతో అతికించబోతుంది.

ఇక "నాశనం చేయబడి" ఏమిటమ్మా! తెలుగులో ఎవరైనా "అన్నం నా చేత తినబడింది" అంటారా? పైగా విషయమూ తప్పే. ఆ ఆరింటిలో టిన్2 చెడితే కొసలు చిన్నతనంలోనే అరిగి పొట్టివవుతాయి. గోళ్ళు పాడవుతాయి, చర్మం మీద వల పరిచినట్టు మచ్చలు, నోట్లో తెల్లమచ్చలు వస్తాయి, చాలామందిలో పోనుపోను ఎముక మజ్జ రక్తకణాల్ని తయారు చేయలేకపోతుంది. దీన్నే డిస్కెరటోసిస్ కంజెనిటా అంటారు. అదే జట్టులోని పాట్1 చెడిన కొన్ని కుటుంబాల్లో తంతు తిరగబడుతుంది, కొసలు మామూలుకన్నా పొడుగ్గా ఉంటాయి, కణం విడిపోవడం ఆపాల్సిన చోట ఆపదు, మెలనోమా లాంటి క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. పెరిగిన కొసను పట్టుకుని నాశనం అంటే ఎలా? "కొసలు అరిగి" అనో "కొసలు పెరిగి" అనో విడదీసి రాయండి.

మ్యుటేషన్‌ని అలాగే ఉంచండి. మావైపు ఆ మాటంటే పాసుపుస్తకంలో పేరు మార్పు, అదీ మార్పేగా. ఉత్పరివర్తనం పరీక్ష రాసి మర్చిపోయే మాట.

షెల్టరిన్‌ని "కొసకావలి" అందామనిపించింది గానీ, నెల్లూరు వాళ్ళు అదేదో రైలు స్టేషన్ అనుకుంటారు. అమ్మమ్మగారినే అడిగి చెప్పండి.