పులిహోర ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఎందుకుంటుంది?

ప్రశ్న: అమ్మ చేసే పులిహోర, కన్నడ స్నేహితురాలి ఇంటి పులియోగరె, తమిళనాడు గుళ్ళో పెట్టే పుళియోదరై అన్నీ చింతపండు అన్నమే కదా, రుచి ఎక్కడ మారుతోంది?

పులుసు దాదాపు ఒకటే. పావుకిలో బియ్యానికి 40 గ్రాముల చింతపండు నానబెట్టి, చిక్కగా పిండి, నాలుగు చెంచాల నువ్వుల నూనెలో పసుపు, ఉప్పు వేసి అంచుల్లో నూనె తేలేదాకా ఉడికించాలి. తొందరపడి ముందే దించితే పచ్చివాసన పోదు, నీరు మిగిలి అన్నం ముద్దవుతుంది. అన్నం పలుకుగా వండి, పళ్ళెంలో పరిచి ఆరనివ్వాలి.

తేడా అంతా పొడిలోనే. తమిళ పద్ధతిలో రెండు చెంచాల ధనియాలు, నాలుగు ఎండుమిర్చి, పావు చెంచా మెంతులు వేయించి పొడి కొడతారు. మెంతులు ఎర్రబడగానే తీసేయాలి, నల్లబడ్డాయా, అన్నమంతా చేదే! కన్నడిగులు దీనికి నువ్వులు, ఎండుకొబ్బరి, కాస్త బెల్లం చేరుస్తారు. మన కోస్తా ఇళ్ళలో చాలాచోట్ల అరచెంచా ఆవాలు నీళ్ళతో నూరి కలుపుతారు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఇదే. అన్నం పూర్తిగా చల్లారాకే ఆవముద్ద వేయాలి, వేడి తగిలితే ఘాటు చచ్చిపోతుంది.

అమ్మమ్మ దగ్గర నేర్చుకుంటుంటే మాత్రం ఒక పని చేయండి: ఆవిడ “గుప్పెడు” అని తీసిన చింతపండును గిన్నెలో పడకముందే తూచి రాసుకోండి. ఆవిడ గుప్పెడు, మీ గుప్పెడు ఒకటి కాదు.