దెయ్యం సినిమాకు కెనడా డబ్బులిస్తుందా?

మే నెలలో గంగ జాతరకు తిరుపతి వెళ్లినప్పుడు, తాతయ్యగుంట దగ్గర మా వీధి కుర్రాడొకడు పట్టుకున్నాడు. సెప్టెంబరులో టొరంటోకు చదువుకు వస్తున్నాడు, ధ్యాసంతా సినిమా మీదే. "అన్నా, అక్కడ ప్రభుత్వం సినిమాలకు డబ్బిస్తుందట. దెయ్యం సినిమాకు కూడా ఇస్తుందా?" అని అడిగాడు.

ఇస్తుంది. 1975లో కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన భయానక చిత్రం ‘షివర్స్’లో ప్రభుత్వ సంస్థ సొమ్ముంది. ఇంత రోత సినిమాకు జనం డబ్బా అని ఒక పత్రిక దుమ్మెత్తిపోసింది, గొడవ పార్లమెంటు దాకా పోయింది. సినిమా మాత్రం పెట్టుబడి తిరిగి తెచ్చింది. ఆ సంస్థే ఇప్పటి టెలిఫిల్మ్ కెనడా. సినిమా తీసే కంపెనీలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ పన్ను రాయితీ కూడా ఉంది. అది వర్తించని వాటిలో వార్తలు, క్రీడా ప్రసారాలు, అశ్లీల చిత్రాలు ఉన్నాయి. దెయ్యాలు లేవు.

అడ్డు దెయ్యం కాదు, వీసా. కళాకారులకు ప్రభుత్వ సొమ్ము పంచే సంస్థ కెనడా కౌన్సిల్. దాని గ్రాంటుకు పౌరసత్వమో పర్మనెంట్ రెసిడెన్సీయో (పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు) ఉండాలి. పన్ను రాయితీకి నిర్మాతకూ అదే నియమం. స్టూడెంట్ వీసా మీద దిగిన మర్నాడే దరఖాస్తు నింపుతూ కూర్చోవద్దు. పైగా కౌన్సిల్ దృష్టిలో వృత్తి కళాకారుడు అనిపించుకోవాలంటే శిక్షణ, నలుగురికీ ప్రదర్శించిన పని చూపాలి. పీఆర్ వచ్చేలోగా రెండు మూడు లఘుచిత్రాలు తీసి చిత్రోత్సవాలకు పంపండి.

రాయితీ గురించి మనవాళ్లకు పెద్ద భ్రమ ఉంది. అది చేతికి ముందే అందే డబ్బు కాదు. అర్హత ఉన్న జీతాల ఖర్చులో 25 శాతం ఇస్తారు, ఆ జీతాలనూ మొత్తం ఖర్చులో 60 శాతానికి మించి లెక్కించరు. అంటే లక్ష డాలర్ల సినిమాకు ఎక్కువలో ఎక్కువ 15 వేలు, అదీ కంపెనీ పేరు మీద, ఖర్చు పెట్టాక. మిగతాది ఎక్కడిదని ఇంట్లో అడిగితే జవాబు సిద్ధంగా ఉంచుకోండి!

గ్రాంటు దరఖాస్తులు చదివేది తోటి కళాకారులే. నా మొదటి దరఖాస్తులో మలుపుల మీద మలుపులతో మూడు పేజీల కథ రాసి, ఈ కథ నేనే ఎందుకు చెప్పాలన్న చోట రెండు వాక్యాలతో సరిపెట్టాను. తిరస్కరించారు. ఇప్పుడు చూస్తే నేనైనా ఇచ్చేవాడిని కాదు.

కుర్రాడి కథ కూడా అలాంటిదే: తలకోన అడవి, తెల్లచీర, చెడిపోయిన కారు. ఎదురుగా జాతర పెట్టుకుని తెల్లచీర ఎందుకయ్యా అన్నాను. జాతర కథలో, ఆడవాళ్లను చెరిచే పాలెగాడి కోసం గంగమ్మ రోజుకో వేషంలో వెతుకుతుంది. దొర వేషంలో వాడి తల నరుకుతుంది. మర్నాడు మాతంగిగా వాడి భార్య దగ్గరికి వెళ్లి ఓదారుస్తుంది. చంపిన చేతులే కన్నీళ్లు తుడవడం కన్నా వణికించేది ఇంకేముంది? చిన్నప్పుడు జాతరలో అమ్మ మీకు స్త్రీ వేషం కట్టి ఈ వీధుల్లో తిప్పి ఉంటే, ఆ రెండు వాక్యాల చోట రాయాల్సింది అదే.

తెలుగులో తీస్తే చూస్తారా అని కూడా అడిగాడు. కెనడా దర్శకురాలు దీపా మెహతా హిందీ సినిమా ‘వాటర్’ను ఆస్కారుకు పంపింది కెనడాయే. భారత్, కెనడాల మధ్య 2014లో కలిసి సినిమాలు తీసేందుకు సహనిర్మాణ ఒప్పందం కూడా కుదిరింది. కానీ అది పెద్ద సినిమాల సంగతి.

ఆ సాయంత్రం వాడు ఫోను తీసి, డప్పుల చప్పుడు రికార్డు చేసుకుంటూ గుడి వైపు వెళ్లాడు.