టెక్ సందేహాలు: మెరుపు కనిపించాక నొక్కితే దొరకదు

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. రాత్రిపూట కయ్యల మీద మెరుపులు బాగా కనిపిస్తాయి. ఎంత తొందరగా నొక్కినా ఫోన్లో నల్లటి ఆకాశమే వస్తోంది. ఎలా తీయాలి?

జవాబు: మెరుపు చాలాసార్లు అర సెకను కూడా ఉండదు. మీరు చూసి వేలు కదిపేలోపే అయిపోతుంది. అందుకే ముందే షట్టర్ తెరిచిపెట్టి కాచుకోవాలి.

కెమెరా యాప్‌లో ప్రో మోడ్‌కు వెళ్లండి. ఐఎస్‌ఓ (వెలుగుకు ఫోన్ ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 50 లేదా 100, షట్టర్ 10 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) 4000 కెల్విన్ దగ్గర పెట్టండి. రా (RAW) ఫార్మాట్, అంటే ఫోన్ మార్పులు చేయని ఫొటో ఫైలు, ఉంటే ఆన్ చేయండి. ఆటోఫోకస్ చీకట్లో తడుముకుంటుంది కాబట్టి మాన్యువల్‌కు మార్చి, దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్రలైటు సన్నటి చుక్కగా కనిపించేదాకా స్లైడర్ జరపండి. కొన్ని ఫోన్లలో స్లైడర్‌ను చివరిదాకా లాగితే ఫోకస్ దాటిపోతుంది. ఒక ఫొటో తీసి, జూమ్ చేసి సరిచూసుకోవాల్సిందే. ట్రైపాడ్ లేకపోతే చిన్న బియ్యం సంచిలో ఫోన్‌ను గుచ్చినట్టు నిలబెట్టి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. నైట్ మోడ్ మాత్రం వద్దు. అది చాలా ఫ్రేములను కలిపేస్తుంది, అందులో ఒక్క ఫ్రేములో ఉన్న మెరుపు పలచబడిపోవచ్చు.

చాలామంది తికమకపడేది ఇక్కడే. షట్టర్ 5 సెకన్లు తెరిచినా 20 సెకన్లు తెరిచినా మెరుపు గీత వెలుగు మారదు. దాన్ని అదుపు చేసేవి ఐఎస్‌ఓ, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం). షట్టర్ సమయంతో పెరిగేది పొలం, మబ్బులు, ఊరి లైట్ల వెలుగే. గీత తెల్లగా ఉబ్బిపోతే ఐఎస్‌ఓ తగ్గించండి. గీత బాగుండి పొలం నల్లగా ఉంటే షట్టర్ 15 సెకన్లకు పెంచండి. ఫోన్లలో అపర్చర్ సాధారణంగా మారదు కాబట్టి దగ్గరి మెరుపు కంటే దూరపు మెరుపే ఫోన్‌కు అనువు.

కెమెరా ఉన్నవాళ్లు ఐఎస్‌ఓ 100 పెట్టి, 10 కిలోమీటర్ల దూరానికి ఎఫ్/8 నుంచి ఎఫ్/11, 25 కిలోమీటర్ల దూరానికి ఎఫ్/5.6 అపర్చర్‌తో మొదలుపెట్టండి (ఎఫ్ పక్కన అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే 15 సెకన్ల ఫొటో తర్వాత ఇంకో 15 సెకన్లు కెమెరా ఖాళీగా ఉండదు, ఆ మధ్యలో మెరిసినవన్నీ పోయినట్టే.

ఎడగారు (రెండో పంట) నాట్లకు నీళ్లు పెట్టిన కయ్య ముందుంటే ఫ్రేములో సగం దాకా నీళ్లకే ఇవ్వండి. గాలి ఆగినప్పుడు మెరుపు అందులో రెండోసారి కనిపిస్తుంది.

ప్రశ్న: చీమకుర్తిలో సాయంత్రం వెలుతురు ఉండగానే ఉరుములు మొదలవుతాయి. 10 సెకన్లు పెడితే ఫొటో అంతా తెల్లగా వస్తోంది.

జవాబు: ఫోన్ అయితే ఎక్స్‌పోజర్ లాక్ చేసి (వెలుగు అమరిక దానంతటది మారకుండా) 4కె, సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీయండి. తర్వాత వీఎల్‌సీలో ఆపి ఫ్రేమ్ తీసుకుంటే 8 మెగాపిక్సెళ్ల ఫొటో వస్తుంది. కొన్ని ఫ్రేముల్లో పైసగం వెలుగు, కిందిసగం చీకటి ఉంటుంది. ఫోన్ పాడైందనుకోకండి. సెన్సర్ వరుసలను ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది, ఆ మధ్యలో మెరిస్తే అలాగే వస్తుంది. పక్క ఫ్రేములు చూడండి. కెమెరాకు 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును ఆరుసార్లు సగం చేస్తూ తగ్గించే నల్లటి అద్దం) తగిలిస్తే సెకనులో 30వ వంతు ఉన్న షట్టర్ 2 సెకన్లు అవుతుంది.

ప్రశ్న: మిద్దె మీద ట్రైపాడ్ పెట్టి తీస్తున్నా. ఫోన్ వల్ల పిడుగు పడుతుందంటున్నారు, నిజమేనా? – ఇందుకూరుపేట

జవాబు: ఫోన్ పిడుగును లాగదు. ప్రమాదమల్లా మీరు నిలబడిన చోటే. మిద్దె, పొలం గట్టు, తాటిచెట్టు, మోటారు షెడ్డు, ఏదీ పనికిరాదు. ఛార్జింగ్ వైరు తగిలించి ఫోన్ పట్టుకోవడమూ వద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను 3తో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే అది 10 కిలోమీటర్లలోపే ఉంది, లోపలికి వెళ్లిపోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం రూపొందించిన దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో మెరుపులను చూపిస్తుంది. బయల్దేరేముందు అది చూడండి.

తీయడానికి పక్కా ఇంటి గది లేదా అద్దాలు మూసిన కారు మంచిది. కారులో కాపాడేది టైర్ల రబ్బరు కాదు, చుట్టూ ఉన్న ఇనుప పైకప్పు, తలుపులు. అందుకే ఆటో, బైక్ లెక్కలోకి రావు. ఇంజిన్ ఆపండి, లేకపోతే ఆ అదురు ఫొటోలో తెలిసిపోతుంది. లెన్స్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే అద్దంలో డ్యాష్‌బోర్డు ప్రతిబింబం పడదు. ఇంట్లో అయితే కిటికీ ఊచలకు దూరంగా, ఒక అడుగు వెనక్కి ట్రైపాడ్ పెట్టి, గదిలో లైటు ఆర్పండి.