స్విచ్‌లో క్యూఓఎస్ పెట్టాలా, నెట్ ప్లాన్ పెంచాలా?

పెద్ద ఫైళ్లు కదిలినప్పుడల్లా ఆఫీసు ఐపీ ఫోన్లలో మాట తెగిపోతోంది, స్విచ్‌లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు పోవాలో చెప్పే ఏర్పాటు) పెట్టాలా, ప్లాన్ పెంచాలా అని అడిగారు. ప్లాన్ జోలికి ఇప్పుడే పోకండి. మాట తెగుతోందంటే చాలు, ఇంకో వంద ఎంబీపీఎస్ అంటగట్టేవాళ్లే గానీ రద్దీ ఎక్కడుందో చూసేవాళ్లు లేరు. జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కు ఒక్కో వైపు దాదాపు 87 కేబీపీఎస్ చాలు. ఒకేసారి ముప్పై కాల్స్ నడిచినా 3 ఎంబీపీఎస్ దాటదు.

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నెట్‌వర్క్ చూసేవాణ్ణి. రెండు బ్లాకుల మధ్య ఉన్నది 100 ఎంబీపీఎస్ లింకు ఒక్కటే. కెమెరాలు బిగించినవాళ్లు ఒక్క మాట అడక్కుండా, ఖాళీగా కనిపించిన పోర్టులోనల్లా కేబుల్ గుచ్చి పోయారు. ఇరవై కెమెరాలు, ఒక్కోటి 4 ఎంబీపీఎస్. అంటే 80 అక్కడికే సరి. పైన సీటీ స్కాన్ ఫైళ్లు కూడా వస్తే ఫోన్లో మాట ముక్కలయ్యేది. ఒక రాత్రి క్యూఓఎస్ ఆన్ చేసి, వాయిస్‌కు ప్రయారిటీ క్యూ (అందరికంటే ముందు పోయే వరుస) ఇచ్చి ఇంటికి పోయాను. పొద్దున్నే క్యాజువాల్టీ సిస్టర్ ఫోన్: "సార్, రాత్రి ఏం చేసినారు? నిన్నటిదాకా సగం మాటలైనా వినపడేవి. బ్లడ్ గ్రూపు పాజిటివో నెగటివో అవతలోళ్లకు వినపడక, నేనే మెట్లెక్కి పోయి చెప్పొచ్చినా." నాకు చెమటలు పట్టాయి.

తప్పు నాదే. ఫోన్ తన ప్యాకెట్ మీద డీఎస్‌సీపీ 46 అని, అంటే 'ఇది వాయిస్, ముందు పంపు' అని గుర్తు వేసి పంపుతుంది. అక్కడున్న రకం స్విచ్‌లో క్యూఓఎస్ ఆన్ చేసి, పోర్టుకు 'ట్రస్ట్', అంటే వచ్చిన గుర్తును నమ్ము అని చెప్పకపోతే ఆ గుర్తు చెరిగి సున్నా అవుతుంది. ఇక ప్రయారిటీ క్యూలోకి ఏదీ రాదు. పైగా ప్యాకెట్లు వంతు కోసం ఆగే ఉమ్మడి బఫర్ నాలుగు క్యూలకు పంపకమై, మామూలు క్యూ భాగం ఇంకా తగ్గింది. ఫోన్ల పోర్టుల్లో, లింకుకు రెండు చివర్లా ట్రస్ట్ పెట్టాక మాట స్పష్టంగా వచ్చింది. కెమెరాల పోర్టులను మాత్రం నమ్మలేదు.

మా నాన్న పొలం కేసీ కాలువ చివరి ఆయకట్టులో ఉంది. సుంకేసుల బ్యారేజీలో నీళ్లు వదిలినా పై తూములవాళ్లు వాడుకోగా మిగిలితేనే మాకు. అది చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకే ప్రయారిటీ క్యూ వాయిస్‌కు తప్ప ఎవరు అడిగినా ఇవ్వను. అది నిండుగా ఉన్నంతసేపు కింది క్యూలకు వంతే రాదు. తక్కినవాటికి 'షేర్' పెట్టండి: ఎవరి వాటా వాళ్లకుంటుంది, ఒకరు వాడకపోతే మిగిలింది పక్కవాళ్లకు పారుతుంది. 'షేప్' పెడితే లింకు ఖాళీగా ఉన్నా ఆ హద్దు దాటనివ్వదు.

ముందు ఒక పని చేయండి. మాట తెగుతున్నప్పుడే అప్‌లింక్ పోర్టులో (ఇంకో స్విచ్ వైపో, రౌటర్ వైపో పోయే పోర్టు) అవుట్‌పుట్ డ్రాప్స్, అంటే పంపలేక పారేసిన ప్యాకెట్ల లెక్క, చూడండి. పెరుగుతుంటే రద్దీ అక్కడే, క్యూఓఎస్ పనికొస్తుంది. కదలకుండా ఉంటే స్విచ్‌ను వదిలేసి రౌటర్ దగ్గరికి వెళ్లండి, బయటికి పోయే ట్రాఫిక్‌ను మీ ప్లాన్ కంటే కాస్త తక్కువకు షేప్ చేసి, వాయిస్‌ను అక్కడ ముందు పెట్టి చూడండి.