అరకు కాఫీ పోర్‌ఓవర్‌లో పుల్లగా, పల్చగా ఎందుకు వస్తోంది?

అరకు సింగిల్ ఆరిజిన్ (ఒకే ప్రాంతంలో పండిన) గింజలు కొని, దుకాణంలోనే పొడి పట్టించుకుని, కాగితం ఫిల్టర్‌లోని పొడి మీద వేడినీళ్ళు పోసి దించే పోర్‌ఓవర్ పద్ధతిలో 15 గ్రాముల పొడికి 300 గ్రాముల నీళ్ళు పోస్తే ఒకటిన్నర నిమిషంలో కాఫీ దిగిపోయిందనీ, పుల్లగా, నీళ్ళలాగా ఉందనీ, ప్యాకెట్ మీద రాసిన నారింజ, బెల్లం రుచులు తెలియడం లేదనీ, పాలు కలిపినా బాగుపడలేదనీ రాశారు. లోపం మీ నాలుకలోనే ఉందేమో అని కూడా అడిగారు. నాలుకలో ఏ లోపమూ లేదు. ఆ ఒకటిన్నర నిమిషమే అసలు సంగతి చెబుతోంది.

వేడినీరు కాఫీ పొడిలోంచి అన్ని రుచులనూ ఒకేసారి లాగదు. పులుపు అన్నిటికన్నా ముందు వస్తుంది, తీపి దాని వెనక వస్తుంది, చేదూ వగరూ చివరికి దిగుతాయి. మీ పొడి బరకగా ఉండడంవల్ల నీళ్ళు పులుపును మాత్రం వెంటబెట్టుకుని, తీపి దిగే లోపలే జారిపోయాయి. పల్చదనానికి కారణం వేరు. మీరు పొడికి ఇరవై రెట్లు నీళ్ళు పోశారు. నేను పదహారు రెట్లు, అంటే 15 గ్రాములకు 240 గ్రాములు పోస్తాను. అయినా ఒక మాట ముందే చెప్పాలి: చికోరీ కలిపిన చిక్కటి డికాక్షన్‌కు అలవాటుపడిన మనకు ఎంత బాగా చేసిన పోర్‌ఓవర్ అయినా మొదట పల్చగానే అనిపిస్తుంది. కాగితం ఫిల్టర్ గింజలోని నూనెలను చాలావరకు పట్టేస్తుంది కాబట్టి అది టీకి దగ్గరగా, తేటగా ఉంటుంది. ఆ తేటదనాన్ని లోపంగా లెక్కించకండి.

నేను మొదటి నాలుగు నెలలూ గింజలను మిక్సీలో పట్టాను. రోజుకొక రుచి వచ్చేది, ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ ఉండేవి. ఒకరోజు అనుమానం వచ్చి ఆ పొడిని టీ వడకట్టే జాలీలో వేసి జల్లించి చూస్తే, కింద పళ్ళెంలో పసుపుపొడి అంత మెత్తని దుమ్ము, పైన సగం విరిగిన గింజలు మిగిలాయి. మిక్సీ బ్లేడు గింజను అందిన చోటల్లా నరుకుతుంది తప్ప సమంగా నలపలేదు. అందుకే దుమ్ములోంచి చేదు, పలుకుల్లోంచి పులుపు దిగుతున్నాయన్నమాట. తరువాత తిరగలి పద్ధతిలో నలిపే చేతి గ్రైండర్ కొన్నాను. కాఫీ మీద నేను పెట్టిన ఖర్చులో వృథా కానిది అదొక్కటే అని మా ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు. పొడి ఇడ్లీ రవ్వకంటే సన్నగా, బొంబాయి రవ్వకు దగ్గరగా ఉండాలి. మీకు గ్రైండర్ లేకపోతే, దుకాణంలో ఈసారి ఇంకొంచెం సన్నగా పట్టమని అడిగి, వారం పది రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

కాగితాన్ని ముందు వేడినీళ్ళతో తడిపి ఆ నీళ్ళు పారబోయాలి. నీళ్ళు మరిగాక దించి అర నిమిషం ఆగితే చాలు, థర్మామీటర్ అవసరం లేదు. మొదట 45 గ్రాముల నీళ్ళు పోసి 40 సెకన్లు ఆగండి. పొడి తాజాదైతే వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తూ మెల్లగా ఉబ్బి, బుడగలు కడుతుంది. ఉబ్బకుండా బురదలా పడి ఉందంటే పొడి పాతదని అర్థం. మిగిలిన నీళ్ళను రెండు విడతలుగా, మధ్యనుంచి చిన్న చిన్న చుట్లుగా పోయాలి. మొత్తం రెండు ముప్పావు నుంచి మూడుంబావు నిమిషాల మధ్య దిగితే మీ పొడి సరిపోయినట్టే. మరీ వెడల్పుగా, కాగితం అంచుల మీద పోస్తే కొంత నీరు పొడిని తాకకుండా కాగితం వెంబడే జారిపోతుంది.

మీరు ప్రస్తావించనిది నీళ్ళ సంగతి. మా ఇంటి ఆర్.ఓ. నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 30 చూపేది, ఆ నీటితో ఏ గింజయినా పదునుగా, బోలుగా ఉండేది. నాణ్యమైన కాఫీకి ప్రమాణాలు చెప్పే స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ అది 150 చుట్టుపక్కల ఉండాలంటుంది. వడకట్టి మరిగించిన కుళాయి నీళ్ళు కొంత కలిపి 100 దాటించాక పులుపు మెత్తబడింది. బోరు నీళ్ళయితే దీనికి విరుద్ధంగా, మరీ గట్టివైతే పులుపుతోపాటు పూల వాసననూ చంపేస్తాయి.

ఇక ప్యాకెట్ మీది నారింజ, బెల్లం మాటలు. అవి కలిపిన సరుకులు కావు, పోలికలు మాత్రమే. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్లకు మిరియాల తీగలు అల్లుకున్న తోటల్లో గిరిజన రైతులు దీన్ని పండిస్తారు. చల్లదనంలో కాయ నిదానంగా పండుతుంది కాబట్టి గింజలో తీపీ పులుపూ నిలుస్తాయి. ఒక డిసెంబరులో అనంతగిరి దగ్గర ఎర్రటి పండు ఒకటి కోసి కొరికి చూశాను. తొక్క కింద గింజను చుట్టుకుని పల్చని తియ్యటి జిగురు ఉంది. ఆ జిగురును కడిగి ఆరబెడితే (దీన్నే వాష్డ్ అంటారు) రుచి తేటగా, నిమ్మజాతి పులుపుతో వస్తుంది. పండును పండుగానే ఎండబెడితే (ఇది నేచురల్) బాగా మాగిన పండు వాసన వస్తుంది. మీ ప్యాకెట్ మీద వాష్డ్ అనో, నేచురల్ అనో ఉంటుంది, చూడండి.

రుచి గుర్తుపట్టడానికి మన పులుపుల్నే కొలబద్దగా వాడండి. నోరు ముడుచుకుపోయే పచ్చిమామిడి పులుపు తగిలితే పొడిని ఇంకా సన్నబరచాలి. బత్తాయి తొనలా తీపిని వెంటబెట్టుకున్న పులుపయితే సరిగ్గా కుదిరినట్టు. నేరేడు తిన్నాక నాలుక పట్టేసినట్టు వగరుగా ఉంటే పొడి మరీ మెత్తనయింది. పొగలు కక్కుతున్నప్పుడు ఇవేవీ తెలియవు. నాకు బెల్లం రుచి మొదటిసారి తగిలింది ఫోను మాట్లాడుతూ మరిచిపోయి, గోరువెచ్చనయ్యాక తాగిన కప్పులో.

పాలు మాత్రం దీనిలో కలపకండి. తక్కువగా వేయించిన గింజల పులుపు పాలతో కలిస్తే విరగబోతున్న పాలలా తోస్తుంది. పాల కాఫీ కావాలంటే అవే అరకు గింజలు ఎక్కువగా వేయించినవి అడిగి తీసుకుని ఇత్తడి ఫిల్టర్‌లో వేసుకోండి. మా ఇంట్లో పొద్దుటి కాఫీ ఇప్పటికీ అదే, పోర్‌ఓవర్ సాయంత్రం నాలుగింటికి.