షో బైకులంటే అంత మోజెందుకు? నా దగ్గర ఒకటుంది, చెప్తాను

"లక్షలు పోసి కస్టమ్ బైకు చేయించుకుంటారు, దాని మీద పది కిలోమీటర్లు కూడా హాయిగా పోలేరు. మరి ఎందుకా మోజు? రోజూ నడిపే బండి చాలదా?" అని మీరు అడిగారు. పది కిలోమీటర్ల దాకా ఎందుకు, హైదరాబాద్ బోడుప్పల్‌లో మా ఇంటి నుంచి బయల్దేరి ఉప్పల్ రింగ్ రోడ్డు చేరేసరికే నా నడుము పని అయిపోయింది. అలాంటి బండి చేయించుకున్నది నేనే కాబట్టి, ఎందుకో చెప్పే ప్రయత్నం చేస్తాను.

బండి మా మేనమామది. 1998 బుల్లెట్, పాత కాస్ట్ ఐరన్ ఇంజన్, 346 సీసీ, గేర్లు కుడి కాలికి. ఆయన మోకాళ్లు కిక్ కొట్టలేక మొరాయిస్తే నా పేరు మీదికి మార్చుకుని 2016లో పనికి దించాను. అనుకున్నది లక్షా ఎనభై వేలు, 8 నెలలు. తడిసి మోపెడై 3 లక్షల 40 వేలు, 19 నెలలు అయింది. ఇంట్లో మాత్రం ఇప్పటికీ మొదటి లెక్కే తెలుసు.

చేసిందేమిటంటే, వెనక షాకబ్జర్లు తీసేసి వాటి చోట గట్టి ఇనుప కడ్డీలు బిగించాం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైపులు 6 అంగుళాలు పెంచాం. పాత ట్యాంకు పోయి 8 లీటర్ల చిన్న ట్యాంకు వచ్చింది, వెనక సీటు పోయింది, హ్యాండిల్ భుజాల ఎత్తుకు లేచింది. ఫొటోలో చూస్తే అదిరిపోతుంది. ఎక్కితే వేరే కథ. ఫోర్కు ముందుకు వాలిపోవడంతో తిన్నటి రోడ్డు మీద పట్టాల మీద పోతున్నట్టే ఉంటుంది కానీ, ట్రాఫిక్‌లో వేగం తగ్గగానే హ్యాండిల్ తనంతట తాను పక్కకు పడిపోతుంది. యూటర్న్ తీసుకోవాలంటే రోడ్డంతా కావాలి. ఇక మా కాలనీలో ఇంటికో స్పీడ్ బ్రేకర్. ప్రతి దెబ్బా వెనక చక్రం నుంచి నేరుగా వెన్నుపూసకే. మామయ్య వచ్చి చుట్టూ తిరిగి చూసి, "బాగుందిరా, నా బండేది?" అన్నారు.

అయినా ఆ 19 నెలలు నేను ఒక్క ఆదివారం కూడా షెడ్డుకు వెళ్లడం మానలేదు. అక్కడే ఉంది మీ ప్రశ్నకు జవాబు. ట్యాంకు పని చేసిన భాయ్ ఇనుప రేకును ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టి గుండ్రం తీసుకొచ్చేవాడు. లప్పం పట్టించాక షెడ్డులో మిగతా లైట్లన్నీ ఆర్పి ఒక్క ట్యూబ్‌లైట్ వెలిగించి, ట్యాంకును నీళ్లతో తడిపి దాని కింద తిప్పుతూ చూసేవాడు. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ట్యాంకు మీద ఒక తెల్లటి గీతలా పడుతుంది కదా, ఆ గీత ఎక్కడ వంకర పోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. నాకేమీ కనపడేది కాదు. ఆయన పెన్సిల్‌తో సున్నా చుట్టి మళ్లీ గీకడం మొదలుపెట్టేవాడు. మూడో నెలకు నాకూ కనపడ్డం మొదలైంది. ఆ రోజు కలిగిన సంతోషం తర్వాత బండి నడిపినప్పుడు ఎప్పుడూ కలగలేదు. రంగు సంగతీ అంతే. ముందు సిల్వర్, దాని మీద అద్దంలా పారదర్శకంగా ఉండే ఎరుపు పొర మీద పొర, ఆపైన క్లియర్ కోటు, చివర 2000 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే బాగా సన్నటి గరుకు కాగితంతో రుద్దుడు. ఎండలో పెడితే ఎరుపు లోపలి నుంచి వెలుగుతున్నట్టుంటుంది.

తర్వాత సిటీలో ఒక బైక్ షోలో పెట్టాను. ట్రాలీ ఆటోలో తీసుకెళ్లాననుకోండి, సిగ్గేముంది. షోలకు నడపకుండా ట్రాలీల మీద ఎక్కించి తీసుకెళ్లే బైకుల్ని అమెరికావాళ్లు ‘ట్రైలర్ క్వీన్’ అని వెక్కిరిస్తారు. ఫొటోలు దిగినవాళ్లు వందమంది ఉంటారు. ఒక పెద్దాయన మాత్రం ముందు నుంచి చూడనే లేదు. గొంతుక్కూర్చుని ట్యాంకు అడుగున వేలు పెట్టి తడిమి, "ఇది గ్యాస్ వెల్డింగా, ఆర్గాన్ వెల్డింగా?" అని అడిగాడు. నేను ఖర్చు పెట్టింది ఆ ప్రశ్న కోసమేనేమో అనిపించింది. చూపించుకునే యావ లేదని అబద్ధం చెప్పను, ఉంది. కానీ ఉత్త యావ అయితే షోరూమ్‌లో ఇంకా ఖరీదైన బండ్లు దొరుకుతాయి.

రోజూ నడిపేది స్ప్లెండర్. 97 సీసీ, లీటరుకు అరవై పైనే వస్తుంది. గ్యాస్ బండ, 25 కిలోల బియ్యం బస్తా, వెనక మా ఆవిడ, ఏదైనా మోస్తుంది. దాన్ని ఆపి సైలెన్సర్ వైపు వంగి చూసినవాళ్లు ఇప్పటిదాకా లేరు, పంక్చర్ షాపతను తప్ప.

మీరూ చేయించాలనుకుంటుంటే ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి తయారైన స్పెసిఫికేషన్లను మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నేను మొదలుపెట్టినప్పుడు ఇదేమీ పట్టించుకోలేదు, తప్పు నాదే. ఇప్పుడు దాన్ని రోడ్డెక్కించడం మానేశాను. వరండాలో పాత దుప్పటి కింద ఉంది. అమ్ముదామంటే 90 వేలకు మించి ఎవరూ రావడం లేదు. ఆకారం మాత్రమే కావాలంటే ఇంత తిప్పలు కూడా అక్కర్లేదు. 2018లో జావా కంపెనీ పెరాక్‌ను చూపించింది, 2024లో రాయల్ ఎన్‌ఫీల్డ్ గోవన్ క్లాసిక్ తెచ్చింది. రెండూ బాబర్లే, అంటే ఒంటి సీటుతో కురచగా కనపడే బండ్లే, ఆర్‌సీ తలనొప్పి లేదు. కాకపోతే షెడ్డులో గడిపే ఆదివారాలు వాటితో రావు.

ఏది చేసినా తీసేసిన పాత పార్టులు మాత్రం పారేయకండి. నేను ఊపులో ఉండి మడ్‌గార్డులు, షాకబ్జర్లు, టూల్ బాక్సులు పాత ఇనుము కొట్లో కిలోల లెక్కన వేసొచ్చాను. ఇప్పుడు మామయ్య బండి మామయ్యకు కనపడేలా మళ్లీ మార్చుదామని పుత్లీబౌలి స్పేర్ పార్టుల కొట్ల చుట్టూ తిరుగుతున్నా. షాకబ్జర్లు మూడో ఆదివారానికి దొరికాయి. ఎడమ వైపు టూల్ బాక్సు మూత ఇంకా దొరకలేదు. మీకెక్కడైనా కనిపిస్తే కింద రాయండి.